ఆర్డరు మీద చేయించుకునే ఫైబర్ కేబుల్ అసెంబ్లీలు: చర్లపల్లిలోని ఒక తయారీ యూనిట్‌పై సమీక్ష

హైదరాబాద్ చర్లపల్లి పారిశ్రామికవాడలో ఫైబర్ ఆప్టిక్ కేబుళ్లకు కనెక్టర్లు బిగించి, కొనుగోలుదారు అడిగిన పొడవులో, అడిగిన జాకెట్‌తో, పరీక్షలు పూర్తిచేసి ఇచ్చే ఒక చిన్న యూనిట్‌తో మా సంస్థకు కొన్నేళ్లుగా లావాదేవీలు ఉన్నాయి. మేము ఫ్యాక్టరీలకు, ఆఫీసు భవనాలకు, చిన్నపాటి డేటా సెంటర్లకు నెట్‌వర్క్ పనులు కాంట్రాక్టుకు చేస్తుంటాం. ఈ యూనిట్ పనితనం గురించి తోటి కాంట్రాక్టర్లు, కంపెనీల పర్చేజ్ విభాగాల వారు తరచూ అడుగుతుంటారు కనుక మా అభిప్రాయాన్ని వివరంగా రాస్తున్నాను. ఇందులో మెచ్చుకోళ్లతో పాటు ఫిర్యాదులు కూడా ఉన్నందున సంస్థ పేరు రాయడం లేదు. ముందుగా నా మాట ఒక్కటి చెబుతాను: ధర పట్టికలో వీరు ఇతరులకన్నా పైనే ఉంటారు, గడువుల విషయంలో వీరిని పూర్తిగా నమ్మలేము, అయినా క్లిష్టమైన ఆర్డరు వచ్చినప్పుడు మేము మొదట వీరికే ఫోన్ చేస్తాం. అందుకు కారణం వారు కేబుల్ కోయకముందు అడిగే ప్రశ్నలు, కోసిన తరువాత ఇచ్చే టెస్ట్ రిపోర్టు.

అన్ని ఫైబర్ కేబుళ్లనూ ఆర్డరు మీద చేయించాల్సిన పని లేదు. రాక్‌లో స్విచ్‌కూ ప్యానెల్‌కూ మధ్య వేసే 1, 2, 3, 5 మీటర్ల ఎల్‌సీ ప్యాచ్ కార్డులు (రెండు చివర్లా ఎల్‌సీ అనే చిన్న కనెక్టరు ఉండే పొట్టి కేబుళ్లు) కోఠిలోనో, ఆన్‌లైన్‌లోనో రెడీమేడ్‌గా దొరుకుతాయి, వాటితో పని చక్కగా సాగిపోతుంది. వాటిని కూడా ప్రత్యేకంగా చేయించడం డబ్బు దండగ. కంట్రోల్ రూమ్ నుంచి డ్రైవ్ ప్యానెల్ దాకా కేబుల్ ట్రేలో సరిగ్గా 87 మీటర్లు కావాలన్నప్పుడు, ఒక చివర ఎల్‌సీ, రెండో చివర పాత రిలేలో ఉండే ఎస్‌టీ కనెక్టరు రావాలన్నప్పుడు, కదిలే క్రేన్ మీద నూనె పడినా, నిత్యం వంగుతున్నా తట్టుకునే పాలీయురెథేన్ జాకెట్ అవసరమైనప్పుడు, ఇరుకైన కాండ్యూట్‌లోంచి లాగడానికి కనెక్టర్ల మీద పుల్లింగ్ సాక్ తొడిగి పంపాల్సినప్పుడు మాత్రమే ఇలాంటి యూనిట్ అక్కర పడుతుంది. సైట్‌లో స్ప్లైసింగ్ మెషిన్ పెట్టుకుని పిగ్‌టెయిల్స్ (ఒక చివరే కనెక్టరు ఉన్న ఫైబర్ ముక్కలు) అతికించడం మరో దారి. అయితే సిమెంటు దుమ్ములో, పైకప్పుకు ఆనుకున్న ట్రే పక్కన, నిచ్చెన మీద నిలబడి చేసే జాయింటుకూ, శుభ్రమైన గదిలో బల్ల ముందు కూర్చుని చేసే పనికీ నాణ్యతలో తేడా ఎంతో ఆ పని చేసినవారికి చెప్పనక్కరలేదు.

ఈ యూనిట్‌కు ఎంక్వైరీ పంపితే వెంటనే కోటేషన్ రాదు. మొదట ఒక ప్రశ్నల పట్టిక వస్తుంది, ఆ తరువాత అక్కడి సూపర్‌వైజర్ స్వయంగా ఫోన్ చేస్తారు. ఇది కొత్తవారికి విసుగు పుట్టించవచ్చు. ఒక డేటా హాల్ కోసం 12 ఫైబర్ల ఓఎం4 ఎంపీఓ ట్రంకులు (ఓఎం4 అనే రకం ఫైబర్‌తో, అన్ని ఫైబర్లకూ కలిపి ఎంపీఓ అనే ఒకే కనెక్టరు ఉండే కేబుళ్లు) కావాలని మేము రాసినప్పుడు ఆయన ఫోన్‌లో అడిగిన మొదటి మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: "సార్, ఈ ట్రంకు రెండు చివర్లూ నేరుగా ట్రాన్స్‌సీవర్‌లోకి పోతాయా, మధ్యలో ప్యానెల్ వస్తుందా? ప్యానెల్ ఉంటే అందులోని క్యాసెట్ ఏ టైపో చెప్పండి, అది తెలియకుండా నేను కేబుల్ కొయ్యను." (ట్రాన్స్‌సీవర్ అంటే విద్యుత్ సంకేతాన్ని వెలుగుగా, వెలుగును తిరిగి సంకేతంగా మార్చే పరికరం; క్యాసెట్ అంటే ప్యానెల్‌లో ఎంపీఓ ఫైబర్లను విడి కనెక్టర్లకు చేర్చే పెట్టె.) ఎంపీఓ విషయంలో ఈ ప్రశ్నకు ఎంతో విలువ ఉంది. ఆ కనెక్టర్‌లో 12 ఫైబర్లు ఒకే వరుసలో కూర్చుంటాయి. 100 గిగాబిట్ ఎస్‌ఆర్4 ట్రాన్స్‌సీవర్ వాటిలో ఒక చివరి 4 ఫైబర్ల మీద పంపి, రెండో చివరి 4 ఫైబర్ల మీద అందుకుంటుంది, నడుమ ఉన్న నాలుగూ ఖాళీగా ఉంటాయి. రెండు ట్రాన్స్‌సీవర్లను నేరుగా కలపాలంటే ఇటు 1వ ఫైబర్ అటు 12వ స్థానంలోకి వెళ్లాలి, అంటే టైప్ బీ పొలారిటీ (ఫైబర్ల వరుస క్రమం) కావాలి. 1వ ఫైబర్ 1వ స్థానంలోకే వెళ్లే టైప్ ఏ పంపితే పంపేది పంపేదానికే తగులుతుంది, లింకు వెలగదు. ఇది చాలదన్నట్టు పిన్నుల సంగతి ఒకటి ఉంది. ట్రాన్స్‌సీవర్ లోపల గైడ్ పిన్నులు ఉంటాయి కనుక దానిలోకి వెళ్లే కార్డుకు పిన్నులు ఉండకూడదు, ప్యానెల్ వైపు వెళ్లే చివరకు ఆ ప్యానెల్‌ను బట్టి పిన్నులు కావాలో వద్దో తేల్చుకోవాలి. ఈ రెండు వివరాలూ పీఓలో (కొనుగోలు ఆర్డరులో) లేకుండానే ట్రంకులు తయారుచేసి పంపే సరఫరాదారులు బజారులో కొదవ లేరు. అలా వచ్చిన సరుకు అందంగానే ఉంటుంది, పనికి మాత్రం రాదు.

ప్రశ్నలు ముగిశాక వారు ఒక పేజీ డ్రాయింగ్ పంపి, దాని మీద మన సంతకం వచ్చేదాకా పని మొదలుపెట్టరు. ఆ డ్రాయింగ్‌లో నాకు నచ్చే అంశం పొడవును స్పష్టంగా నిర్వచించడం. మల్టీకోర్ కేబుల్‌లో 50 మీటర్లు అంటే ఈ చివరి ఫెర్రుల్ (కనెక్టరు ముందు భాగంలో ఫైబర్‌ను పట్టి ఉంచే సన్నని గొట్టం) నుంచి ఆ చివరి ఫెర్రుల్ దాకానా, లేక కాళ్లు విడిపోయే బ్రేకౌట్ నుంచి రెండో వైపు బ్రేకౌట్ దాకానా అన్నది ముందే తేలకపోతే సైట్‌లో అర మీటరు తక్కువై ట్రే మార్గమే మార్చాల్సిరావచ్చు. వీరు రెండు కొలతలూ వేరువేరుగా చూపిస్తారు, పొడవులో ఎంత హెచ్చుతగ్గు ఉండవచ్చో కూడా రాస్తారు. ఆ హెచ్చుతగ్గు ఎప్పుడూ ఎక్కువ వైపే ఉంటుంది, తక్కువ వైపు సున్నా. కాళ్ల పొడవులు ప్యానెల్‌లో పోర్టుల వరుసను బట్టి మెట్లుమెట్లుగా కావాలన్నా చేసిస్తారు.

వర్క్‌షాపును చూడాలనుకుంటే అనుమతిస్తారు, చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలి. బల్లల ముందు పనిచేసేవారిలో ఎక్కువమంది స్త్రీలు. జాకెట్ ఒలిచి, పసుపు రంగు అరామిడ్ నారను దాని కత్తెరతోనే కత్తిరించి, 250 మైక్రాన్ల పూతను తీసేసి, లోపలి 125 మైక్రాన్ల గాజు పోగును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడుస్తారు. జిర్కోనియా ఫెర్రుల్‌లోకి ముందుగానే సిరంజితో ఎపాక్సీ ఎక్కించి ఉంటుంది, అందులోకి ఆ పోగును నెమ్మదిగా దూరుస్తారు. అది ఓవెన్‌లో వేడికి గట్టిపడి ముదురు గోధుమ ఎరుపు రంగుకు తిరుగుతుంది. ఆ రంగు చూసి సరిగ్గా ఉడికిందో లేదో చెప్పగల ఒక పెద్దావిడ అక్కడ ఉన్నారు, కొత్తగా చేరిన అమ్మాయిలు తమ ట్రేలను ఆవిడకు చూపించాకే తరువాతి బల్లకు పంపుతారు. ఆపైన బయటకు పొడుచుకువచ్చిన పోగును తుంచి, ఫెర్రుల్ ముఖం మీది ఎపాక్సీ బొట్టును గరుకు ఫిల్మ్‌తో అరగదీసి, డైమండ్ ఫిల్ముల మీద అంచెలంచెలుగా నున్నగా చేస్తారు. ప్రతి ఫిల్మ్‌ను ఎన్ని రౌండ్లు వాడారో పక్కన పలక మీద గీతలు గీస్తారు, లెక్క నిండగానే దాన్ని పారేస్తారు. ఫిల్మ్ ఖరీదు మిగుల్చుకోవడానికి అరిగినదాన్నే వాడటం ఈ వ్యాపారంలో మామూలు కక్కుర్తి కనుక ఆ గీతలు నాకు గోడ మీది ఐఎస్‌ఓ సర్టిఫికెట్ కన్నా ఎక్కువ నమ్మకం కలిగించాయి.

పాలిష్ చేసిన ముఖాన్ని మైక్రోస్కోప్ కింద ఐఈసీ 61300-3-35 ప్రమాణం ప్రకారం చూస్తారు. నడుమ వెలుతురు ప్రయాణించే భాగంలో గీతలు, మచ్చలు ఉండటానికి చాలా కఠినమైన పరిమితులు ఉంటాయి, అంచుల వైపు వెళ్లేకొద్దీ సడలింపు ఉంటుంది. ఎక్కువ దూరాలకు వాడే సింగిల్ మోడ్ ఫైబర్‌లో వెలుగు సాగే దారి సుమారు 9 మైక్రాన్ల వెడల్పే కనుక, కంటికి కనిపించని ధూళి కణం ఒకటి అక్కడ వాలినా దారి సగం మూసుకుపోతుంది. దీనితో పాటు ఇంటర్‌ఫెరోమీటర్ అనే పరికరంతో ముఖపు వంపు ఎంత వ్యాసార్థంతో ఉందో, ఆ వంపు శిఖరం ఫైబర్ మధ్య నుంచి ఎంత పక్కకు జరిగిందో కొలుస్తారు. శిఖరం 50 మైక్రాన్లకన్నా ఎక్కువ పక్కకు జరిగితే రెండు ఫైబర్లు ఒకదానికొకటి గట్టిగా ఆనవు. ఈ పరికరం ఖరీదైనది. ఇది లేని యూనిట్లు లాస్ (వెలుగు నష్టం) పరీక్షతోనే సరిపెడతాయి, కొత్తలో బాగానే పనిచేసిన కనెక్టరు కొన్నిసార్లు తీసి పెట్టాక చెడిపోవడానికి ఒక కారణం ఇదే.

టెస్ట్ రిపోర్టు విషయాన్ని కొంచెం నింపాదిగా చెప్పాలి. ప్రతి కేబుల్‌కు సీరియల్ నంబరు ఉంటుంది, దాని లేబుల్ రెండు చివర్లా పారదర్శక గొట్టం కింద అంటించి ఉంటుంది, రిపోర్టులో అదే నంబరు ఎదుట ఒక్కో ఫైబర్‌కు 1310, 1550 నానోమీటర్ల వద్ద కొలిచిన ఇన్సర్షన్ లాస్ (దాటేటప్పుడు తగ్గిపోయే వెలుగు), రిటర్న్ లాస్ (వెనక్కి తిరిగే వెలుగు ఎంత తక్కువో చెప్పే అంకె, ఎక్కువైతే మంచిది) విడివిడిగా రాసి ఉంటాయి. వెలుగు దారి ఇంకా వెడల్పుగా ఉండే మల్టీమోడ్ ఫైబర్ అయితే 850 వద్ద. ఏటవాలు లేకుండా పాలిష్ చేసే నీలం రంగు యూపీసీ కనెక్టర్లకు రిటర్న్ లాస్ 50 డీబీకి (డెసిబెల్‌కు) పైన, 8 డిగ్రీల ఏటవాలుతో చేసే ఆకుపచ్చ ఏపీసీలకు 60 డీబీకి పైన ఇస్తామని కోటేషన్‌లోనే హామీ ఇస్తారు. మరో సరఫరాదారు దగ్గర ఒకప్పుడు తీసుకున్న రిపోర్టులో 48 కార్డులకూ 0.12 డీబీ అనే ఒకే అంకె ఉంది. నిజంగా కొలిస్తే అలా రానే రాదు. అంకెల్లో సహజమైన ఎగుడుదిగుడు ఉందా లేదా అన్నది రిపోర్టు నిజాయితీని తేల్చే మొదటి పరీక్ష.

రెండో పరీక్ష ఇంకా ముఖ్యమైనది, దీన్ని చాలామంది పర్చేజ్ అధికారులు పట్టించుకోరు. తయారీదారు సాధారణంగా తన కార్డును పరీక్షల కోసమే ఉంచుకున్న ఎంతో నాణ్యమైన మాస్టర్ జంపర్‌కు కలిపి లాస్ కొలుస్తాడు. మన సైట్‌లో మాస్టర్ జంపర్ ఉండదు, ఏదో ఒక కనెక్టరు ఏదో ఒక కనెక్టరుకు తగులుతుంది, అప్పుడు లాస్ పెరుగుతుంది. అందుకే ఐఈసీ ప్రమాణాల్లోని గ్రేడులు యాదృచ్ఛికంగా జతపరిచిన కనెక్టర్ల లెక్క మీద ఆధారపడతాయి. సింగిల్ మోడ్‌లో గ్రేడ్ బీ అంటే సగటున 0.12 డీబీ, నూటికి 97 జతల్లో 0.25 డీబీ మించకూడదు. గ్రేడ్ సీ అంటే సగటు 0.25, గరిష్ఠం 0.50. ఈ యూనిట్ తన రిపోర్టు అడుగున "మాస్టర్‌తో కొలిచినది" అని రాస్తుంది, అడిగితే లాట్‌లోంచి కొన్ని కార్డులను ఒకదానికొకటి జతపరిచి వచ్చిన అంకెలను కూడా ఇస్తుంది. అడగకపోతే ఇవ్వదు, అదొక లోటే. ఈ తేడా పుస్తకాల లెక్క మాత్రమే అనుకోకూడదు. ఓఎం4 మీద 100 మీటర్ల ఎస్‌ఆర్4 లింకుకు మొత్తం అనుమతించిన లాస్ 1.9 డీబీ, అందులో కనెక్టర్ల వాటా 1.5 డీబీ. దారిలో రెండు క్యాసెట్లు, నాలుగు జాయింట్లు ఉంటే ఒక్కోదానికి 0.4 డీబీ కూడా మిగలదు.

ఆ రిపోర్టు ఎంత పనికొచ్చిందో మేళ్లచెరువు వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో తెలిసింది. కృష్ణా తీరంలోని ఆ సిమెంటు ఫ్యాక్టరీల ప్రాంతంలో పనిచేసినవారికి అక్కడి పరిస్థితి తెలుసు: కిల్న్ పక్కన వేడి, అన్నింటి మీదా సన్నని పొడి, ట్రెంచిలో పందికొక్కులు. ప్రీహీటర్ టవర్ మీది రిమోట్ ప్యానెళ్లకు సెంట్రల్ కంట్రోల్ రూమ్ నుంచి స్టీల్ ఆర్మర్డ్ సింగిల్ మోడ్ అసెంబ్లీలు చేయించాం. డ్రాయింగ్ దశలోనే సూపర్‌వైజర్, ఈ కేబుళ్లలో ఏవైనా హైవోల్టేజ్ సబ్‌స్టేషన్‌లోకి వెళుతున్నాయా అని అడిగి, అటు వెళ్లే రెండింటికి స్టీల్ ఆర్మర్ వద్దని, లోహం లేకుండా గాజు నారతో ఎలుకల నుంచి రక్షణ ఇచ్చే రకం పెడదామని సూచించారు. రెండు వేరు ఎర్తింగుల మధ్య లోహపు తొడుగును పరిస్తే ఫైబర్ వల్ల వచ్చే విద్యుత్ విభజన కాస్తా పోతుంది, ఫాల్ట్ కరెంటు ఆ తొడుగు గుండా నడిచే ప్రమాదం ఉంటుంది. మా క్లయింటు కన్సల్టెంటు ఇచ్చిన స్పెసిఫికేషన్‌లో ఆ జాగ్రత్త లేదు.

అయితే అదే ఆర్డరులో వీరి వల్ల ఒక ఇబ్బంది కూడా వచ్చింది. వేసవి మధ్యలో టవర్ పై అంతస్తులోని కొన్ని లింకులు తెగి తెగి పనిచేయడం మొదలుపెట్టాయి. కనెక్టర్లు తుడిచి చూశాం, ఫలితం లేదు. పవర్ మీటర్‌తో కొలిస్తే 1310 వద్ద లాస్ మొదటి రిపోర్టుకు కొంచెం మాత్రమే ఎక్కువ ఉంది, 1550 వద్ద మాత్రం దాదాపు 1 డీబీ పెరిగింది. మురికి వల్ల నష్టం వస్తే రెండు తరంగదైర్ఘ్యాల వద్దా ఇంచుమించు ఒకేలా కనిపిస్తుంది, ఫైబర్ ఎక్కడో వంగితే 1550 ఎక్కువ దెబ్బతింటుంది. ప్యానెల్ తెరిచి చూస్తే బ్రేకౌట్ కాళ్ల సన్నని గొట్టాలు వేడికి కుంచించుకుపోయి కనెక్టరు వెనక తొడుగైన బూట్ దగ్గర వెనక్కి జరిగాయి, లోపలి ఫైబర్‌కు చోటు చాలక మెలిక తిరిగింది. తయారీకి ముందు ఆ గొట్టాలను కొంతసేపు వేడిలో ఉంచి ముందే కుంచించుకుపోయేలా చేయాలి, ఆ లాట్‌కు అది చేయలేదని వారే ఒప్పుకున్నారు. వాదన లేకుండా ఆ లాట్ మొత్తాన్ని మార్చి ఇచ్చారు, కాళ్లలో మామూలు జీ.652 రకం బదులు 7.5 మిల్లీమీటర్ల వ్యాసార్థపు వంపును కూడా తట్టుకునే జీ.657.ఏ2 ఫైబర్ పెట్టారు. ప్లాంటు షట్‌డౌన్ కోసం ఎదురుచూసిన కాలానికి, మా మనుషుల కూలికి మాత్రం పైసా ఇవ్వలేదు. మొదటి రిపోర్టులో రెండు తరంగదైర్ఘ్యాల అంకెలూ సీరియల్ నంబరుతో సహా లేకపోతే తప్పు ఎవరిదో తేల్చడానికే మరిన్ని వారాలు పట్టేది.

ధర సంగతి. మామూలు డూప్లెక్స్ (రెండు ఫైబర్ల) కార్డుకు వీరి ధర బజారు ధరకు ఒకటిన్నర రెట్ల దాకా ఉంటుంది, ఆర్మర్డ్ అసెంబ్లీలు, పాలీయురెథేన్ జాకెట్ల వద్ద ఆ తేడా బాగా తగ్గుతుంది. కోటేషన్‌లో కేబుల్, కనెక్టర్లు, కూలి విడివిడిగా చూపరు, ఒకే మొత్తం రాస్తారు. పెద్ద కంపెనీల పర్చేజ్ విభాగాలకు ఇది మింగుడుపడదు, మాకు కూడా మా క్లయింటుకు లెక్క చెప్పేటప్పుడు తలనొప్పే. ఏ కంపెనీ ఫైబర్, ఏ కంపెనీ ఫెర్రుల్ వాడుతున్నారో మాత్రం అడిగితే రాతపూర్వకంగా ఇస్తారు.

గడువులే వీరి బలహీనత. వారం అని చెప్పి పది రోజులు, రెండు వారాలని చెప్పి నెల తీసుకోవడం పరిపాటి. దసరా, సంక్రాంతి ముందర ఇచ్చిన ఆర్డరు పండుగ తరువాతే వస్తుందని మనసులో అనుకోవడం మంచిది. నైపుణ్యం గల మనుషులు కొద్దిమందే ఉండటం, వారిలో ఒకరిద్దరు సెలవు పెడితే పాలిషింగ్ బల్ల ఆగిపోవడం దీనికి కారణం. అంతకన్నా నాకు నచ్చని విషయం ఎంపీఓ పని. ఎంపీఓ ట్రంకుల్లో కొంత భాగాన్ని వీరు బయట మరో యూనిట్‌లో చేయించి, ఇక్కడ పరీక్షించి పంపుతారు. పరీక్ష సక్రమంగానే ఉంటుంది, మాకు అందిన ట్రంకుల్లో లోపం కనిపించలేదు, అయినా ఆ మాట అడిగేదాకా చెప్పకపోవడం బాగాలేదు. ఇప్పుడు మేము ఎంపీఓ ఆర్డర్లలో ఎక్కడ తయారైందో రిపోర్టు మీద రాయమని కోరుతున్నాం, రాస్తున్నారు.

ప్యాకింగ్ బాగుంటుంది. ప్రతి కనెక్టరుకు మూత, ఒక్కో కేబుల్‌కు విడి సంచి, పొడవైనవి చిన్న డ్రమ్ము మీద చుట్టి రెండు చివర్లూ తెరిచి పరీక్షించుకునేలా వస్తాయి. మూత ఉన్నంత మాత్రాన కనెక్టరు శుభ్రంగా ఉందనుకోకుండా పెట్టేముందు తప్పక తుడవాలి, ఇది ఎవరి సరుకుకైనా వర్తిస్తుంది. సైట్‌లో దెబ్బతిన్న కేబుల్‌ను వెనక్కి పంపితే చివర కోసి కొత్త కనెక్టరు బిగించి, కొత్త రిపోర్టుతో తిరిగి పంపే సేవ కూడా ఉంది. దీనికి కొత్త అసెంబ్లీ ధరలో చిన్న భాగమే తీసుకుంటారు. పొడవైన ఆర్మర్డ్ కేబుళ్ల విషయంలో ఇది నిజంగా ఆదా.

ఇళ్లకు ఫైబర్ కనెక్షన్లు ఇచ్చే కేబుల్ ఆపరేటర్లకు, వేల సంఖ్యలో ఒకే రకం ఎస్‌సీ ఏపీసీ కార్డులు కావలసినవారికి ఈ యూనిట్‌ను సిఫారసు చేయను, వారికి పెద్ద తయారీదారుల రెడీమేడ్ సరుకే చవక, అది త్వరగానూ దొరుకుతుంది. ఫార్మా, సిమెంటు, విద్యుత్ సబ్‌స్టేషన్లు, యంత్రాల తయారీ వంటి రంగాల్లో పదులు, వందల సంఖ్యలో ఒక్కో తీరు కేబుల్ కావలసినవారు నిస్సంకోచంగా వెళ్లవచ్చు, గడువులో రెండు వారాల వెసులుబాటు పెట్టుకుంటే చాలు. వెళ్లేవారు వారంటీ షరతును ఒకసారి చదవాలి. ఇన్‌వాయిస్ తేదీ నుంచి ఏడాది అని అందులో ఉంటుంది. ప్రాజెక్టుల్లో కేబుల్ స్టోర్‌లోనే ఆరేడు నెలలు పడి ఉండటం మామూలు కనుక, కమిషనింగ్ తేదీ నుంచి ఏడాది లేదా ఇన్‌వాయిస్ నుంచి పద్దెనిమిది నెలలు, ఏది ముందైతే అది అని మా పీఓల్లో రాయిస్తున్నాం. మొదట కాస్త గొణిగారు గానీ, రెండు ఆర్డర్ల నుంచి సంతకం పెట్టి పంపుతున్నారు.